రెండు వేలలో పాత డిస్క్ ప్లేయర్ కావాలా? సంచిలో మూడు డిస్కులు వేసుకుని బయల్దేరండి

బాబూ, ముందు మీరు అడిగింది ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, తేడా ఉంటే దిద్దండి. శ్రీకాకుళంలో మీ నాన్నగారి దగ్గర ఓ ట్రంకు పెట్టెడు డిస్కులున్నాయి. ఘంటసాల, సుశీల పాటల సీడీలు, హరికథల ఎంపీ3లు, పాత సినిమా వీసీడీలు, కొన్ని డీవీడీలు, మీ అక్క పెళ్ళి డిస్కు. ఇంట్లో ఉన్న ప్లేయర్ చచ్చిపోయింది. రెండు వేలు దాటకుండా సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి కొనాలి, పొద్దున్న పాటలకీ సాయంత్రం సినిమాలకీ అదే పనికిరావాలి. నాలుగు చూసొచ్చారు: హోం థియేటర్ రెండు వేలు, బ్లూరే (డీవీడీ తరవాతి తరం) ప్లేయర్ పద్దెనిమిది వందలు, పాటలు మాత్రమే పాడే పెద్ద సీడీ ప్లేయర్ పదిహేను వందలు, రిమోట్ పోయిన డీవీడీ ప్లేయర్ ఆరు వందలు. వీటిలో ఏది?

నన్నడిగితే ఆ నాలుగో రకం. ఆ మిషనే అని కాదు, అలాంటిదే రిమోట్‌తో ఉన్నది. ఎందుకో చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నాకు చాలా ఏళ్ళు చిన్న రిపేరు కొట్టు ఉండేది. టేపు రికార్డర్లతో మొదలై, పోనుపోను రోజంతా ప్లేయర్లకి లెన్సులు మార్చడమే పనైపోయింది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వాళ్ళు సినిమా వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34కి అమ్మడం మొదలెట్టాక కూరగాయల సంచిలో డిస్కులు తెచ్చుకున్నవాళ్ళని చూశాను. మీ నాన్నగారి పెట్టెలో సగం ఆ రోజుల్లో నిండిందే అయ్యుంటుంది. పైగా ఘంటసాల, సుశీల ఇద్దరూ మా ఊరి సంగీత కళాశాలలో నేర్చుకున్నవాళ్ళే, కాబట్టి ఆ పెట్టెలో మాకూ కొంచెం వాటా ఉంది.

ప్లేయర్ సంగతి తరవాత. ముందు ఆ పెట్టె కిందికి దించి, చాప మీద డిస్కులు పరిచి, రకానికో గుట్ట పెట్టండి. మామూలు ఆడియో సీడీలో 74 నుంచి 80 నిమిషాల పాటలుంటాయి. ఎంపీ3 సీడీలో నూటయాభై పాటల దాకా కుక్కి ఉంటాయి. వీసీడీలో సినిమా రెండు మూడు డిస్కులుగా వస్తుంది. డీవీడీ ఒక్కదాంట్లోనే అయిపోతుంది. ఇంకో తేడా కూడా చూడండి: వెనక్కి తిప్పితే తెల్లగా వెండిలా మెరిసేది ఫ్యాక్టరీలో అచ్చేసినది, ఊదాగానో నీలంగానో పచ్చగానో కనబడేది కంప్యూటర్‌లో రాసినది. పెళ్ళి డిస్కు తప్పకుండా ఆ రెండో రకమే. ఈ లెక్క తేలకుండా బజారుకి వెళ్తే అమ్మేవాడు చూపించిందే కొనుక్కొస్తారు.

ఇప్పుడు అసలు విషయం. పాత ప్లేయర్ అంటే ఒక లెన్సు, దాని చుట్టూ ఒక రేకు డబ్బా. కంపెనీ పేరు, ముందున్న అద్దం, నీలం లైట్లు ఇవేవీ డిస్కు చదవవు. డీవీడీ ప్లేయర్‌లో పైకి లెన్సు ఒకటే కనబడుతుంది గానీ దాని కింద లేజర్లు రెండుంటాయి. డీవీడీ చదవడానికి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, సీడీ, వీసీడీ, ఎంపీ3 చదవడానికి 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్, అది కంటికి సరిగా ఆనదు. ఈ రెండూ ఒకేసారి పోవాలని రూలేం లేదు. డీవీడీ అద్దంలా ఆడుతూ, సీడీ పెడితే మాత్రం ‘నో డిస్క్’ అనే మిషన్లు నా చేతిమీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్కలేదు. తిరగేసినవీ ఉన్నాయి. మీ పెట్టెలో ఎక్కువ సీడీలూ వీసీడీలే కదా, మరి అమ్మేవాడు డీవీడీ వేసి చూపించి ‘చూశారా, ఎలగుందో’ అంటే మీకేటి లాభం?

అంతకన్నా పెద్ద మాయ పెన్‌డ్రైవ్. ముందున్న యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ గుచ్చి పాట పెట్టి, కండిషన్ సూపర్ అంటారు. పెన్‌డ్రైవ్ పాడటానికి లెన్సుతో పనే లేదు బాబూ. లోపల లెన్సు పీకేసి ఉన్నా ఆ పాట వస్తుంది.

అందుకే సంచిలో మూడు డిస్కులు వేసుకెళ్ళమంటాను. ఒకటి, డెబ్భై నిమిషాలు దాటిన అచ్చు ఆడియో సీడీ. రెండోది కంప్యూటర్‌లో రాసిన ఎంపీ3 గానీ కాస్త గీతలు పడ్డ వీసీడీ గానీ, అంటే మీ ఇంట్లో నిజంగా రోజూ వాడేలాంటిది. మూడోది పెద్ద సినిమా ఒరిజినల్ డీవీడీ, కవరు మీద డీవీడీ 9 అని ఉంటే మరీ మంచిది, అందులో రెండు పొరలుంటాయి, 8.5 జీబీ. పెళ్ళి డిస్కు మాత్రం తీసుకెళ్ళొద్దు, ఎందుకో చివర్లో చెప్తాను.

సీడీ వేసి మొదటి పాట విని బాగుందని లేచిపోకండి. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది, గ్రామఫోన్ రికార్డుకి ఉల్టా. మొదటి పాట మధ్య చిల్లు దగ్గరుంటుంది, ఆఖరి పాట అంచున ఉంటుంది. లెన్సు నడిచే పట్టాలో దుమ్ము పేరుకున్నా, డిస్కు తిప్పే మోటారు అరిగినా ఒక చివరే తెలుస్తుంది. కాబట్టి ఆఖరి పాటకి దూకండి, అక్కణ్ణుంచి మళ్ళీ మొదటికి, మళ్ళీ మధ్యకి. ప్రతిసారీ రెండు మూడు సెకన్లలో అందుకోవాలి. ‘టిక్ టిక్ టిక్’ అని లోపల బల్లి అరిచినట్టు చప్పుడొస్తే లెన్సు తడుముకుంటోందని అర్థం. డీవీడీ అయితే సినిమా మధ్యలో ఒక్క క్షణం ఆగి నడుస్తుంది, అది పొర మారడం, తప్పు కాదు. అక్కడే గడ్డకట్టి నిలబడిపోతే తప్పు.

ఇదంతా అయ్యాక ఆ రెండో డిస్కు వేసి వదిలేసి, పక్క కొట్టులో టీ తాగి రండి. అరగంట ఆడనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు ప్రతి ముసలి మిషనూ మర్యాదగానే ఉంటుంది, వేడెక్కాకే అసలు గుణం బయటపడుతుంది. అరగంట కరెంటు ఖర్చవుతుందని గునిసే కొట్టువాడి దగ్గర కొనక్కర్లేదు.

మెకానిక్ గనక ‘మొన్ననే సర్వీసు చేశాను, ఏదేసినా లాగేస్తుంది’ అని గొప్పగా చెప్తే అక్కడ ఇంకొంచెం అనుమానించండి. లెన్సు బిళ్ళ పక్కన ఆవగింజంత ప్రీసెట్, అంటే తిప్పే చిన్న స్క్రూ లాంటిది, ఉంటుంది. దాన్ని కాస్త తిప్పితే లేజర్‌కి కరెంటు పెరుగుతుంది, చచ్చిపోతున్న లెన్సు కూడా లేచి కూర్చుని గీతల డిస్కులు సైతం చదివేస్తుంది. కొన్ని వారాలే. తరవాత పూర్తిగా పోతుంది. నేనూ తిప్పేవాణ్ణి, కాదనను, కానీ వారమో నెలో ఆడుతుంది అని ముందే చెప్పి తిప్పేవాణ్ణి. ‘లెన్సు కొత్తది వేశారా, పాతదాన్నే తుడిచారా’ అని సూటిగా అడగండి. మామూలు డీవీడీ ప్లేయర్ల లెన్సులు నాలుగైదు రకాలే, చాలా కంపెనీల డబ్బాల్లో అవే ఉంటాయి, రెండు మూడొందల్లో ఇప్పటికీ దొరుకుతున్నాయి. పాత మామూలు మిషన్ కొనమనడానికి ఇదే పెద్ద కారణం, పోయినా బతికించుకోవచ్చు.

లెన్సు మార్పు అంటే గుర్తొచ్చింది. కొత్తలో నేనొక ప్లేయర్‌కి కొత్త లెన్సు వేస్తే ‘నో డిస్క్’. ఇంకోటి వేశాను, అదీ అంతే. రెండూ చెత్తబుట్టలో పడేశాక మా గురువుగారొచ్చి చూసి నవ్వారు. స్టాటిక్ కరెంటుకి లేజర్ కాలిపోకుండా ఫ్యాక్టరీలో లెన్సు మీద చిన్న సోల్డర్ (టంకం) చుక్క పెట్టి పంపిస్తారు, బిగించాక అది తీసెయ్యాలి. నేను తియ్యలేదు. ఆ రెండు లెన్సుల డబ్బులు నా జేబులోంచే పోయాయి. మీ ఊరి కుర్ర మెకానిక్ ‘లెన్సు మార్చినా పలకట్లేదు’ అంటే ఈ సంగతి ఒకసారి చెవిన వెయ్యండి.

మన జిల్లాల్లో ఇంకో తద్దినం ఉంది, ఉప్పుగాలి. కళింగపట్నం, భావనపాడు వైపు నుంచి వచ్చిన మిషన్ అయితే వెనక జాకుల్ని చూడండి. పసుపు, ఎరుపు, తెలుపు జాకుల లోహం మీద పచ్చటి చిలుము కడితే, స్క్రూలు తుప్పు పట్టి ఉంటే, లోపల బోర్డు కూడా అలాగే ఉంటుంది. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చి వెళ్ళాక వాన నీళ్ళు తాగిన సామాన్లు ఎండబెట్టి తుడిచి అమ్మకానికి పెట్టినవి నేను చూశాను. అడుగు రేకుకి చిన్న కన్నాలుంటాయి కదా, వాటి అంచుల్లో మన్ను ఉందేమో వేలితో రాసి చూడండి. పైకి ఎత్తి మెల్లిగా ఊపితే లోపల గలగలమంటే బల్లిగుడ్లు కావచ్చు, ఊడిన స్క్రూ కావచ్చు, ఏదైనా మంచిది కాదు. మూత తెరిస్తే చీమల పుట్ట కనబడ్డ రోజులు కూడా ఉన్నాయి, ఆ కథలు ఇప్పుడొద్దు.

ట్రే బయటికి రాకుండా మూలుగుతుంటే భయపడకండి, రబ్బరు బెల్టు సాగి ఉంటుంది, ఇరవై ముప్ఫై రూపాయల పని. ఆన్ చేస్తే డిస్‌ప్లే మినుకుమినుకుమంటూ తనంతట తనే ఆగి మళ్ళీ మొదలవుతుంటే పవర్ బోర్డులో కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి, అదీ చిన్న పనే. ఇలాంటి రోగాలున్నవి మూడొందలకి అడిగి తెచ్చుకుని బాగుచేయించుకుంటే మనకే లాభం. మెకానిక్ తెలిసినవాడైతేనే సుమా.

ఇంకో మంచి బేరం ‘బొమ్మ రావట్లేదు’ అని మూలన పడేసిన మిషన్. సగం వాటిలో ఏ లోపమూ ఉండదు, ఎవరో పిల్లలు రిమోట్ మీద వీడియో మోడ్ బటన్ నొక్కేసి ఉంటారు. ప్లేయర్ ప్రోగ్రెసివ్ స్కాన్ అనే వేరే బొమ్మ పద్ధతిలోకి పోతుంది, పసుపు వైరు మీద ఆ బొమ్మ రాదు. డిస్కు తీసేసి అదే బటన్ రెండు మూడుసార్లు నొక్కితే తిరిగొస్తుంది. బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వచ్చినా, పైకీ కిందికీ దొర్లినా పాల్, ఎన్‌టీఎస్‌సీ (మన టీవీల పద్ధతి, అమెరికా టీవీల పద్ధతి) సెట్టింగ్ మార్చి చూడండి.

అందుకే రిమోట్ అంటున్నాను. ముందు భాగంలో ఉండేవి మూడు నాలుగు బటన్లు, ట్రే తెరవడం, ఆడించడం, ఆపడం. సెట్టింగులన్నీ రిమోట్ లోనే. రిమోట్ లేని ప్లేయర్ అంటే తాళంచెవి లేని బీరువా. మీరు చూసిన ఆరొందలదానికి సరిపోయే రిమోట్ అక్కడే దొరికి, దాంతో మీ ఎదురుగా మెనూ తెరుచుకుంటే అప్పుడు తీసుకోవచ్చు. ‘యూనివర్సల్ రిమోట్ వేసుకోండి, సరిపోద్ది’ అన్న మాట నమ్మి ఇంటికి తెచ్చుకోవద్దు.

మీ నాన్నగారి వైపు నుంచి చూస్తే ఇంకోటి ముఖ్యం, దీన్ని చాలామంది మర్చిపోతారు. పొద్దున్నే ఆయన పాటలు వినాలంటే టీవీ వెయ్యాల్సిన పని ఉండకూడదు. చౌక డీవీడీ ప్లేయర్లలో కొన్నింటికి ముందు డిస్‌ప్లేనే ఉండదు, ఒక ఎర్ర దీపం మాత్రం ఉంటుంది. ఎన్నో పాట ఆడుతోందో తెలియాలంటే టీవీ ఆన్ చెయ్యాలి. నూటయాభై హరికథ ముక్కలున్న ఎంపీ3లో ఇది నరకం. కాబట్టి పాట నంబరు, నిమిషాలు చూపించే డిస్‌ప్లే ఉన్నదే తీసుకోండి. రిమోట్ మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు పెద్దగా ఉన్నాయో లేదో, ఆయన కళ్ళజోడు లేకుండా నొక్కగలరో లేదో కూడా చూడండి. వీలైతే ఆయన్నే వెంట తీసుకెళ్ళండి.

వైర్ల సంగతి. ఎరుపు, తెలుపు జాకుల నుంచి వైరు తీసుకెళ్ళి ఇంట్లో ఉన్న ఆంప్లిఫయర్‌కో పాత టేపు రికార్డర్ ‘ఆక్స్ ఇన్’కో గుచ్చితే పాటలకి అది చాలు. వెనక ఎరుపు జాకులు రెండుంటాయి జాగ్రత్త, ఆకుపచ్చ, నీలం పక్కనున్న ఎరుపు బొమ్మది, తెలుపు పక్కనున్నది శబ్దానిది. శబ్దాన్ని డిజిటల్‌గానే పంపే కోయాక్సియల్ జాకు కూడా ఉంటే ముందుముందు మంచి ఆంప్లిఫయర్ కొన్నప్పుడు పనికొస్తుంది. టీవీ వెనక ఏముందో ఫోటో తీసుకుని వెళ్ళండి. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీల్లో మూడు రంగుల జాకులకి బదులు ఇయర్‌ఫోన్ కన్నంలాంటిది ఒకటి ఉంటుంది, దానికి పొట్టి వైరు టీవీ డబ్బాలోనే వచ్చి ఉంటుంది, అట్టపెట్టె పారెయ్యకపోతే వెతకండి. అదీ లేని టీవీ అయితే హెచ్‌డీఎంఐ ఉన్న ప్లేయరే చూసుకోవాలి.

హెచ్‌డీఎంఐ ఉంది కదా అని బొమ్మ మీద ఆశలు పెంచుకోకండి. వీసీడీ బొమ్మ 352 అడ్డం, 288 నిలువు, అంటే మొత్తం లక్ష చుక్కలు. డీవీడీ 720 అడ్డం 576, నాలుగు లక్షల చిల్లర. మీ ఫుల్ హెచ్‌డీ టీవీలో ఇరవై లక్షల పైచిలుకు చుక్కలున్నాయి. లక్ష చుక్కల బొమ్మని దాని మీద పరిస్తే మొహాలు గళ్ళు గళ్ళుగానే వస్తాయి, ఎంత ఖరీదు ప్లేయరైనా అంతే. అటక మీద పాత డబ్బా టీవీ పనిచేస్తుంటే వీసీడీలకి దాన్నే దించండి, దాని మీదే ఆ సినిమాలు ముద్దుగా ఉంటాయి.

ఇక మీరు చూసిన మిగతా మూడూ. హోం థియేటర్‌లో ప్లేయర్, ఆంప్లిఫయర్ ఒకే డబ్బాలో ఉంటాయి, లెన్సు పోతే ఐదు స్పీకర్లూ చూసుకుంటూ కూర్చోవాలి. స్పీకర్ పిన్నులు కూడా చాలావాటికి ఆ కంపెనీవే, వేరేదానికి ఎక్కవు. అసలు ఘంటసాల పాటలు ఎక్కువగా మోనోలో, అంటే శబ్దమంతా ఒకే ఛానల్లో, రికార్డయినవి. ఒక్క గొంతుని ఐదు మూలల నుంచి ఊదితే గదంతా గోల తప్ప పాటకి కలిసొచ్చేదేం లేదు. పాటల సీడీ ప్లేయర్ మంచిదే, చేత్తో ముట్టుకుంటే బరువుగా దర్జాగా ఉంటుంది, నాకూ ఇష్టం. కానీ మరీ పాతవి ఎంపీ3 చదవవు, రాసిన డిస్కులంటే కొన్ని మొరాయిస్తాయి, తిరిగి రాసుకునే సీడీల్ని అసలు గుర్తుపట్టవు, వీసీడీ మాటే లేదు. దాని లెన్సు పోతే వెతకడానికి మీ ఉద్యోగం మానుకోవాలి. బ్లూరే అయితే బ్లూరే డిస్కులున్నవాళ్ళకి. మీ దగ్గర ఒక్కటీ లేదన్నారు. కొన్ని బ్లూరే ప్లేయర్లు వీసీడీని దగ్గరికి కూడా రానివ్వవు, లెన్సు ఖరీదు, ఆన్ చేస్తే లేచేసరికి కాఫీ చల్లారుతుంది. ఒప్పో 2018లో, ఎల్‌జీ 2024లో వాటి తయారీ ఆపేశాయి, కాబట్టి విడిభాగాలు ఇకమీదట ఇంకా కష్టమవుతాయి.

అమెరికా నుంచి ఎవరైనా డీవీడీలు పంపి ఉంటే రీజియన్ సంగతి చూసుకోండి, అంటే ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో డీవీడీకి పెట్టిన నంబరు. వాళ్ళది 1, మనది 5. చౌక మిషన్లు ఎక్కువగా అన్నీ ఆడతాయి, పెద్ద కంపెనీలవి కొన్ని మొండికేస్తాయి. ఆడియో సీడీకీ వీసీడీకీ ఈ గొడవ లేదు.

ధర. రిమోట్‌తో, డిస్‌ప్లేతో, మూడు డిస్కుల పరీక్ష గెలిచిన మామూలు డీవీడీ ప్లేయర్‌కి ఏడెనిమిది వందలు న్యాయం. వెయ్యి దాటితే నేను లేచి వచ్చేస్తాను. మిగిలిన డబ్బుల్లో మంచి వైరు, ఒక స్పేర్ లెన్సు ఇప్పుడే కొని దాచుకోండి. కొట్టుకి వెళ్ళే ముందు చుట్టాలకి ఫోన్లు చెయ్యడం మర్చిపోవద్దు. నరసన్నపేటలోనో రాజాంలోనో బొబ్బిలిలోనో ఎవరింట్లోనైనా పెళ్ళికి కట్నంగా వచ్చిన ప్లేయర్ అటక మీద అట్టపెట్టెతో సహా ఉంటుంది, పట్టుమని పదిసార్లు కూడా వాడి ఉండరు. ‘తీసుకుపో, అడ్డంగా ఉంది’ అంటారు. నేనిప్పుడు ఇంట్లో వాడుతున్నది అలా వచ్చిందే.

తెచ్చుకున్నాక లెన్సు తుడవాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క, దూదిపుల్ల, గాజు మీద ఈగ వాలినంత మెత్తగా. శానిటైజర్ వద్దు, కరోనా రోజుల్లో దాంతో తుడిచిన లెన్సులు జిగురు పట్టి వచ్చేవి. ఆన్‌లో ఉండగా మూత తెరిచి లెన్సులోకి తొంగిచూడొద్దు. డిస్కుల్ని మధ్యలోంచి అంచుకి నిలువుగా తుడవండి, గుండ్రంగా కాదు. ఇంకో సంగతి, సీడీకి అడుగున గీత పడితే చాలాసార్లు బతుకుతుంది, పైన బొమ్మ వైపు గీత పడితే మాత్రం పోయినట్టే, పాటలన్నీ ఆ బొమ్మ కిందే పల్చటి పొరలో ఉంటాయి.

పెళ్ళి డిస్కు గురించి చివర్లో చెప్తానన్నాను కదా. అది రాసిన డిస్కు, లోపల రంగు పొర మీద ఉంటుంది సమాచారమంతా, ఏళ్ళు గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ ఆ రంగు వెలిసిపోతుంది. దాన్ని తెలియని మిషన్‌లో పరీక్షకి పెట్టి గీతలు పడనివ్వద్దు. కొత్త ప్లేయర్ వచ్చేదాకా ఆగొద్దు కూడా. డీవీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్ ఎవరిదైనా ఈ వారంలోనే పట్టుకుని, ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి, ఇంకో చోటికి ఒకటి కాపీ చెయ్యండి. కాపీ మధ్యలో ఆగిపోతే వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి, ఒకదానికి చదవలేనిది ఇంకొకటి చదువుతుంది. రెండు మూడు డ్రైవ్‌ల్లోనూ రాకపోతే డిస్కు వెనక వైపు ఫోటో తీసి పంపండి, రంగు చూసి చెప్తాను.